బరి కింద ఇరుసు

నేను ఒక రాతి గుండుని. నేల చదును చేసే గుండుని. చదువుకున్నవాళ్ళు రోలరంటారు, తాటిమూల వాళ్ళు గుండంటారు, నన్ను లాగి లాగి భుజాలు కాయలు కాసినవాళ్ళు ఏమంటారో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. నా బరువెంతో ఎవరూ తూచలేదు. నలుగురైతే నేను కదలను, ఆరుగురు కావాలి. యాభై ఏళ్ళ దాకా తాటిమూల చెడుగుడు బరి మీద దొర్లాను. నా కింద మన్ను ఎంత మెత్తగా ఉందో, ఎక్కడ గులకరాయి దాక్కుందో, ఎక్కడ చెమ్మ మిగిలిందో ఒంటితోనే తెలుసుకుంటాను. తెలిసింది చెప్పే నోరు మాత్రం లేదు. ఆ లోటు వల్ల ఏం జరిగిందో మీకు చెప్పాలి.

నన్ను చెక్కింది పేరుకొండ దగ్గర రాళ్ళు కొట్టే ఓబులు. నాలుగు నెలలు ఉలి దెబ్బలు తిన్నాను. నా నడుము మీద తెల్లటి జీర ఒకటి ఉంది. దాన్ని చూసి ఓబులు పెదవి విరిచాడు. "ఈ జీర కాడ గట్టి దెబ్బ తగిలితే పెచ్చు ఊడిద్ది మాస్టారూ. మెత్తటి నేల మీదైతే నూరేళ్ళు ఉండిద్ది" అన్నాడు. కోటిలింగం మాస్టారు నవ్వి, "మా బరి వెన్నముద్దలా ఉంటుందిలే" అన్నారు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొలాల్లో లుంగీలు ఎగ్గట్టుకుని చెడుగుడు ఆడుతున్న కుర్రాళ్ళను పోగుచేసి, అరవై ఆరులో ప్రభాత చెడుగుడు సంఘం పెట్టింది ఆయనే.

సంఘం పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. కొండ నుంచి ఎర్రమట్టి తెచ్చి పరిచారు. కమ్మరి బ్రహ్మయ్యకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. విరిగిన బండి ఇరుసులోంచి మూరెడు ముక్క కోసి, ఒక కొనను కొలిమిలో కాల్చి సూదిగా సాగదీసి తెచ్చాడు. స్థలానికి సరిగ్గా నడిమధ్యన, జానెడు గుంట తవ్వి, సూది కొన కిందికి పెట్టి సమ్మెటతో దిగ్గొట్టాడు. పై కొన మొండిగా, అంచులు తేలి ఉంది. దాని మీద మట్టి కప్పి నన్ను లాగారు. ఆ రోజు నుంచీ ఏ గీత గీయాలన్నా కొలత ఆ ఇరుసు దగ్గరే మొదలు. బ్రహ్మయ్య గునపంతో మెల్లగా పొడుచుకుంటూ వెళ్ళేవాడు. లోపల ఠంగుమనగానే "ఇదిగో నడుం" అనేవాడు. అక్కడ తాడు పట్టి అటూ ఇటూ కొలిచి ముగ్గుపిండితో గీతలు గీసేవాడు. ఊళ్ళో అతన్ని గీతల బ్రహ్మయ్య అనడం అలా మొదలైంది.

మాస్టారు ఇంకో ఆనవాయితీ కూడా పెట్టారు. కొత్తగా సంఘంలో చేరినవాడు తన ఇంటి దొడ్లోంచి గంపెడు మట్టి తెచ్చి బరిలో పొయ్యాలి. అందరూ కలిసి దాన్ని తొక్కాలి, నన్ను లాగాలి. అప్పుడే వాడు ఆటగాడు. ఒకడి మట్టి నల్లగా, ఒకడిది ఇసకగా ఉండేది. గొడ్లచావిడి పక్కన తవ్వి తెచ్చినవాడి గంప వాసన నన్ను వారం రోజులు వదల్లేదు. దానికి తోడు ఏటా కాలువ ఒండ్రు రెండు బళ్ళు తోలేవారు. అలా బరి ఏడాదికింత ఎత్తు పెరిగింది, ఇరుసు అంతకంత లోతుకు పోయింది.

మంచి రోజులు లేకపోలేదు. చింతలమిట్ట వాళ్ళను వరసగా ఆరేళ్ళు ఓడించారు. గుంటూరు నుంచి షీల్డు తెచ్చి, ఎడ్లబండి మీద ఊరేగించి, చివరికి దాన్ని ఎక్కడ పెట్టాలో తేలక మంగలి షాపులో అద్దం పక్కన పెట్టారు. డెబ్బై ఏడు తుపానులో బరి మీద మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. హద్దురాళ్ళు కొట్టుకుపోయాయి. ఎక్కడ చూసినా ఒకే బురద. బ్రహ్మయ్య మోకాలిలోతు బురదలో గునపం పట్టుకుని పొద్దంతా తిరిగాడు. సాయంత్రానికి ఠంగుమంది. మాస్టారు బురదలోనే కూలబడి ఏడ్చేశారు. ఆ రోజు ఆ ఇనుప ముక్క సంఘాన్ని బతికించింది. అందుకే దాన్ని తిట్టడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

తర్వాత మాస్టారు పోయారు. సంఘం పేరు ప్రభాత్ కబడ్డీ క్లబ్ అయింది. ఎరువుల కొట్టు శేషగిరి ప్రెసిడెంటయ్యాడు. టేపు కొన్నారు. మూలల్లో సిమెంటు దిమ్మెలు పాతారు. గునపంతో పొడిచి చూసే పని లేకుండా పోయింది, బ్రహ్మయ్యతో పని అంతకన్నా లేకుండా పోయింది. అతనికి కళ్ళలో నీటికాసులు వచ్చి చూపు తగ్గింది. ఇల్లు కదలడం మానేశాడు. ఇరుసు సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అవసరం రాలేదంతే.

ఆపైన తూర్పు వైపు రోడ్డు వెడల్పు చేశారు. శేషగిరి బరిని రెండు గజాలు పడమటికి జరిపించాడు. దిమ్మెలు పీకి మళ్ళీ పాతారు, టేపు పట్టి కొత్త నడిగీత గీశారు. ఒక్క పూట పని. ఇరుసు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఇప్పుడది నడిగీత కింద లేదు. తూర్పు సగంలో, గీతకు రెండు గజాల దూరంలో ఉంది. దాని మీద రెండు జానల మట్టి ఉంది కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

కాలువ అవతలి పల్లె నుంచి దానియేలు వచ్చి చేరింది ఆ తర్వాత కొన్నాళ్ళకు. ఆ పల్లె నుంచి క్లబ్బులోకి వచ్చిన మొదటివాడు అతనే. వాళ్ళ అమ్మ రాహేలమ్మ కూడా గంప పట్టుకొచ్చింది. కాలువ గట్టు మన్ను, బూడిదరంగులో ఉప్పుగా ఉంది. కొందరు కుర్రాళ్ళు తొక్కడానికి వెనకాడి చెప్పులు వేసుకున్నారు. ఆమె అది చూసింది. నేను తొక్కాను. నాకు అన్ని మట్టులూ ఒకటే.

దానియేలు ఆట గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కూతకు వెళ్ళాడంటే ఊపిరి తరిగేది కాదు. ఇద్దరు నడుం పట్టినా, ఒకడు మడమ దొరకబుచ్చుకున్నా, ఒళ్ళంతా చాపి ముందుకు దూకేవాడు. వేళ్ళు నడిగీతను తాకేవి, మోకాళ్ళు వెనక రెండు గజాల దూరంలో నేలకు గుద్దుకునేవి. ఆ దెబ్బ గట్టు మీదున్న నాకు కూడా తెలిసేది. ఆ దూకుడు చూడ్డానికే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు.

అయినా మూడేళ్ళు వరసగా ఉగాది పోటీల్లో తాటిమూల ఓడిపోయింది. మూడుసార్లూ ఫైనల్లోనే, మూడుసార్లూ చింతలమిట్ట మీదే. మనుషులకు ఓటమి కన్నా దానికి కారణం దొరక్కపోవడం ఎక్కువ బాధ. వెతికితే దొరకనిదేముంది?

"నేల చెడిపోయింది. చౌడు కలిసింది. అడుగు పట్టటంలా" అన్నాడు శేషగిరి ఒక సాయంత్రం.

ఎవరి చౌడో అతను చెప్పలేదు. అందరికీ అర్థమైంది. పైమట్టంతా గీకేసి, పెద్దలు పరిచిన ఎర్రమట్టి దాకా పోతే పాత కళ వస్తుందని తీర్మానించారు. మాఘమాసంలో ట్రాక్టరు పెట్టారు. దానియేలు మట్టి వద్దు, కాళ్ళు మాత్రం కావాలి. అతను కూడా పార పట్టుకుని అందరితో కలిసి గీకాడు. తన గంప ఎక్కడ పోశాడో అతనికి తెలుసు. ఆ చోటుకు వచ్చినప్పుడు పార ఒక్క క్షణం ఆగింది.

"అన్నా, ఈ మట్టి మా పల్లె పక్కన గుంట ఉంది గందా, ఆడ పొయ్యి" అని ట్రాక్టరు అతనికి చెప్పాడు.

గీకుడు రెండో రోజున గీతల బ్రహ్మయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత బరిలో అడుగు పెట్టడం అదే. పారల చప్పుడు ఇంటిదాకా వినిపించిందట.

"ఒరే శేషగిరీ, ఇంక లోతుకు పోబాకండిరా. నడిగీత కింద ఇరుసు ఉంది. నేనే దిగ్గొట్టా. ఎవడికన్నా గుచ్చుకుంటే మోకాలు పోయిద్ది."

"యాడుంది పెదనాయనా? చూపిచ్చు."

"నడిగీత మీద, సరిగ్గా సగంలో తవ్వు."

తవ్వారు. మూరెడు లోతు తవ్వారు. ఏమీ లేదు. ఉండదు కదా! బరి జరిగిందని ముసలాయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన చూడలేడు. జరిపించిన శేషగిరి అక్కడే నిలబడి ఉన్నాడు. అతనికి తట్టలేదు. రెండు గజాలు తూర్పుకు! రెండు గజాలు తూర్పుకురా! నేను రాయిని, అరవలేను. బ్రహ్మయ్య గుంట దగ్గర కూర్చుని రెండు చేతులూ లోపల పెట్టి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"గీకటం ఇష్టం లేక చెప్పావా పెదనాయనా?" అన్నాడు శేషగిరి. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు. అది ఇంకా అన్యాయం.

బ్రహ్మయ్య చేతులు దులుపుకుని లేచాడు. "నా మతే పోయిందేమోలేరా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ కిందట తను కొట్టిన సమ్మెట దెబ్బల మీద ఆ ముసలాడికి నమ్మకం పోయింది. నాకు ఆ రోజు కలిగినంత దుఃఖం ఓబులు ఉలి కింద కూడా కలగలేదు.

ఎర్రమట్టి బయటపడింది. అక్కడితో ఆగారా? కింద కూడా ఎక్కడన్నా ఉప్పు దిగి ఉంటుందని ఇంకో బెత్తెడు గీకారు. తర్వాత నన్ను లాగారు. తూర్పు సగంలోకి రాగానే నా ఒంట్లో ఏదో జివ్వుమంది. ఇరుసు. రెండు వేళ్ళ లోతులో ఉంది.

అప్పటి నుంచి ఉగాది దాకా నలభై రోజులు. ప్రతి ఉదయం నీళ్ళు చల్లి నన్ను లాగేవారు, ప్రతి సాయంత్రం ఆడేవారు. ఆటకు కాస్త మన్ను లేచేది, గాలికి కాస్త పోయేది. రెండు వేళ్ళ లోతు ఒకటిన్నర అయింది, తర్వాత ఒకటి. నాకు వేరే లెక్క లేకుండా పోయింది. దానియేలు సాధనలో పడమటి సగం మీదికే కూతకు వెళ్ళేవాడు, ఎందుకంటే తూర్పు సగంలోకి వెళ్తే తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ కళ్ళల్లో కొట్టేది. ఎండ చలవ వల్లే అతను నలభై రోజులు క్షేమంగా ఉన్నాడు.

ఆ ఏడాది అతనికి మోకాళ్ళతో పెద్ద పనే ఉంది. పోలీసు కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కాడు. ఉగాది వెళ్ళిన పన్నెండో రోజున పరుగు పరీక్ష. పొద్దున్నే కాలువ గట్టు మీద పరుగెత్తి, చెమటతో వచ్చి నా మీద కూర్చునేవాడు. ఒకరోజు రాహేలమ్మ సద్దన్నం తెచ్చి ఇచ్చి, "పరుగు అయిందాకన్నా ఆట మానరాదంటయ్యా? కాలు బెణికితే అంతా పోయిద్ది" అంది.

"ఫైనలొక్కటి ఆడి మానేస్తానమ్మా. ఇప్పుడు మానితే, ఓడిపోతే మళ్ళీ మన మట్టి మీదికే వస్తారు" అన్నాడు.

ఉగాది పొద్దున ఆఖరిసారి నన్ను లాగారు. తూర్పు సగంలో నా కింద కటుక్కుమంది. నా నడుము మీది తెల్లజీర దగ్గర అరచేతి వెడల్పు పెచ్చు ఊడి పడింది. లాగుతున్న ఆరుగురూ ఆగారు.

"బాబాయ్, గుండుకి పెచ్చు ఊడింది. కింద రాయేదో తగిలినట్టుంది" అన్నాడొకడు.

శేషగిరి పెచ్చును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఒక్క నిమిషం వంగి, ఆ చోట చెయ్యి పెట్టి రుద్ది ఉంటే చాలు. మైకు వాడు పిలిచాడు.

"పాత రాయిరా, ఊడక ఏం చేసిద్ది? నీళ్ళు చల్లి కానీండి" అని అటు వెళ్ళాడు. ఆ పెచ్చును గట్టు మీదికి విసిరేశాడు. నా ఒంట్లోంచి తీసి నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మాట అది.

మొదటి సగంలో తూర్పున తాటిమూల వాళ్ళు నిలబడ్డారు. చింతలమిట్ట వాళ్ళు కూతకు వచ్చి వెళ్తుంటే పద్నాలుగు పాదాలు ఆ చోటు చుట్టూ తిరిగాయి. ఒకడి మడమ దానికి బెత్తెడు దూరంలో పడింది. ఇంకొకడు సరిగ్గా దాని మీదే కాలుపెట్టి, ఏదో గుచ్చుకున్నట్టు కాలు విదిలించుకుని మళ్ళీ ఆటలో పడిపోయాడు. విరామం తర్వాత వైపులు మారాయి. ఇక దానియేలు కూత తూర్పుకే.

చివరి నిమిషానికి రెండు జట్లూ సమానం. దానియేలు గీత దాటాడు. "కబడ్డీ కబడ్డీ" అనే ఆ కూత నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మూలవాణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. ఒకడు నడుం పట్టాడు, ఇంకొకడు మడమ పట్టాడు. అతను ఎప్పటిలాగే ఒళ్ళు చాపి దూకాడు.

వేళ్ళు నడిగీతను తాకాయి. ఈల మోగింది. తాటిమూల గెలిచింది.

జనం కేకలు వేస్తూ బరిలోకి దూకారు, టపాసులు కాల్చారు, డప్పులు మోగాయి. దానియేలు లేవలేదు. ఆనందంతో నేలను ముద్దు పెట్టుకుంటున్నాడని అనుకుని ఇద్దరు అతన్ని భుజాలకెత్తుకోబోయారు. అప్పుడు చూశారు. కుడి మోకాలి చిప్ప రెండుగా చీలి ఉంది. నెత్తురులో, ఎర్రమట్టిలోంచి వేలెడు ఇనుము బయటికి వచ్చి ఉంది.

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. శేషగిరి ఆ ఇనుము వంక చూశాడు, నడిగీత వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. పెదాలు కదిలాయి. "మనం జరిపాం గదరా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. రాహేలమ్మ కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండునని అందరూ ఎదురుచూశారు.

మోకాలు అతికింది, కానీ మడత పడలేదు. పరుగు పరీక్ష పోయింది, ఉద్యోగం పోయింది. శేషగిరి పల్లెకు వెళ్ళి, దానియేలు ఇంటి గుమ్మం దాకా పోయి లోపలికి అడుగుపెట్టకుండానే వచ్చాడట. తర్వాతి ఉగాదికి ఆట లేదు. బరిలో తుమ్మమొక్కలు లేచాయి. షీల్డు మాత్రం మంగలి షాపులో అద్దం పక్కనే ఉంది. నన్ను రోడ్డు పక్కకు దొర్లించి వదిలేశారు. మూడేళ్ళు లారీల దుమ్ము తిన్నాను.

ఒకరోజు పొద్దున్నే పల్లె నుంచి పదిమంది వచ్చారు. ముందు దానియేలు, కుడికాలు ఈడుస్తూ. నన్ను కాలువ వంతెన మీదుగా దొర్లించుకుపోయారు. గీకేసిన మట్టి పోసిన గుంట ఇప్పుడు చదునైన బరి అయింది. దాని మీద ఒక చుట్టు తిరిగానో లేదో గుర్తుపట్టాను. మాస్టారి ఎర్రమట్టి, ఒండ్రు, యాభై ఏళ్ళ గంపలు అన్నీ అక్కడే ఉన్నాయి. గొడ్లచావిడి వాసనతో సహా. ఊరు పారేసిన క్లబ్బు మొత్తం పల్లె పక్కనే ఉంది.

బ్రహ్మయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. దానియేలు పాత బరిలోంచి పీకి తెచ్చిన ఇరుసు ముక్కను సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టాడు. ముసలాయన దాన్ని తడిమి వెనక్కి నెట్టేశాడు.

"మళ్ళీ ఇదేందిరా? ఏ పాడు నూతిలోనన్నా పారెయ్యి."

"నీ మతి పోలేదు తాతా. అది నువ్వు చెప్పిన కాడే ఉంది, గీతే జరిగింది. ఇంకో బరికైనా నడుం ఉండాలిగా."

"మళ్ళా ఎవరికన్నా..."

"నేనున్నన్నాళ్ళూ అది యాడుందో నా మోకాలు చెప్పిద్దిలే. కొట్టు తాతా."

మూరెడు గుంట తవ్వారు. బ్రహ్మయ్య చేతులు పట్టుకుని సమ్మెట ఎత్తించారు. ప్రతి దెబ్బా నాకు వినిపించింది. పైన మట్టి కప్పి నన్ను లాగారు. దానియేలు కొత్త ఆటగాళ్ళందరినీ పిలిచి ఆ చోట చెయ్యి పెట్టించి, పంచె ఎత్తి మోకాలు చూపించాడు. ఏడెనిమిదేళ్ళు ప్రతి ఉగాదికీ అదే తంతు. కొత్తవాడు గంపెడు మట్టి తెస్తాడు, చెయ్యి పెడతాడు, మోకాలు చూస్తాడు.

బ్రహ్మయ్య పోయి ఐదేళ్ళయింది. నిరుడు దానియేలు కూడా పని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒంగోలులో ఏదో గోడౌనుకు కాపలా ఉంటున్నాడని రాహేలమ్మ చెబుతుంటే విన్నాను. ఈ ఉగాదికి సెలవు ఇవ్వలేదట. మోకాలు చూపించేవాడు లేడు, చెయ్యి పెట్టించాలని మిగిలినవాళ్ళకు గుర్తు రాలేదు. కొత్తగా ముగ్గురు చేరారు.

మొన్న కాలువ గట్టు మీద టేపులు పట్టుకుని ఎవరో కొలతలు వేశారు. గట్టు వెడల్పు చేస్తారట. ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. వాటిలో ఒకటి బరి లోపలికి వచ్చింది. నిన్న సాయంత్రం పిల్లలు దాని చుట్టూ నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు.

"దీనికింత ఆలోచన ఏందిరా? రెండు గజాలు అటు జరిపితే సరిపోయిద్ది. ఒక్క పూట పని" అన్నాడొకడు.

అందరూ సరేనన్నారు. పొద్దున్నే నన్ను లాగడానికి వస్తారు.